నీలం పెన్సిలుతో గీసిన అట్టలు

పుస్తకాల అట్టలకు బొమ్మలు వేసేవాళ్ల బల్ల మీద ఇండియన్ ఇంకు బుడ్డి, సన్న పాళీలు, రెండు మూడు కుంచెలు, తెల్ల పోస్టర్ కలర్ సీసా ఉండేవి. వాటి పక్కన చెక్కీ చెక్కీ పొట్టిదైపోయిన లేత నీలం పెన్సిల్ ఒకటి తప్పకుండా ఉండేది. బొమ్మంతా ముందు దాంతోనే గీసి, ఆ గీతల మీద నల్ల ఇంకుతో దిద్ది, కింది నీలాన్ని చెరపకుండానే బ్లాకులు, అంటే బొమ్మని అచ్చు వేసే లోహపు దిమ్మలు, చేసేవాళ్లకి పంపేసేవారు. బ్లాకు కోసం బొమ్మని ఫొటో తీసే ప్రాసెస్ కెమెరాలో వాడే ఫిల్ముకి లేత నీలమూ తెల్లకాగితమూ ఒకటే. ఆ గీతలు ఫిల్ములో పడవు. రబ్బరుతో రుద్దితే ఐవరీ కార్డు పైపొర లేచి ఇంకు పాకుతుంది కాబట్టి చెరిపే అవసరమే లేకపోవడం పెద్ద సుఖం. ప్రెస్సు వాళ్లకి చెప్పాల్సిన మాటలు, 'ఇక్కడ ఎరుపు', 'ఇంత సైజుకి తగ్గించాలి' లాంటివి కూడా బొమ్మ పక్కనే నీలంతో రాసేసేవారు. ఎరుపు సంగతి దీనికి తలకిందులు. అదే ఫిల్ముకి ఎరుపు నలుపులా కనిపిస్తుంది. తొందరలో నీలం బదులు ఎర్ర పెన్సిల్ అందుకున్నవాళ్ల చిత్తుగీతలన్నీ అచ్చులో నల్లగా తేలేవి.

బొమ్మ అసలు సైజులో గీయకూడదనేది మొదటి పాఠం. క్రౌన్ 1/8 పుస్తకం అంటే కాగితం లెక్కలో 5 అంగుళాల వెడల్పు, ఏడున్నర ఎత్తు. అంచులు కోశాక పావంగుళం చొప్పున తగ్గుతుంది. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఏడున్నర అంగుళాల వెడల్పు, పదకొండుంబావు ఎత్తున గీసేవారు. కెమెరాలో మూడింట రెండు వంతులకి తగ్గించేసరికి చేతి వణుకు, కుంచె చివర చీలిక అన్నీ సర్దుకుని గీత పదునెక్కుతుంది. అలాగని మరీ పెద్దగా గీస్తే ఇంకో చిక్కు. రెట్టింపు సైజులో గీసిన సన్నగీత సగానికి తగ్గితే వెంట్రుకవాసి అయిపోతుంది, బ్లాకు చేయడానికి జింకు రేకుని యాసిడ్ తినేసేటప్పుడు ఆ గీతే తెగిపోతుంది. అందుకే గీసిన బొమ్మని గోడకి ఆనించి ఐదారడుగుల దూరం నుంచి, కళ్లు సగం మూసి చూసేవారు. అక్కడ కనిపించని గీత అట్ట మీద కూడా కనిపించదు.

ఆనాటి అట్టల ముఖకవళికలన్నీ బ్లాకుల ఖర్చులోంచి పుట్టినవే. గీతల బొమ్మకి జింకు బ్లాకు, నైట్రిక్ యాసిడ్‌తో తినిపించేవారు. ఫొటో లేదా నీడలున్న బొమ్మ అయితే రాగి రేకు మీద నీడల్ని చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్, దానికి ఫెర్రిక్ క్లోరైడ్. రెండింటినీ చెక్క దిమ్మ మీద మేకులతో బిగించి సీసం అక్షరాల ఎత్తుకి, అంటే 0.918 అంగుళానికి తెచ్చేవారు. దిమ్మ ఒక పక్క కాస్త పల్లంగా ఉంటే అక్కడ ఇంకు పడదు. కింద కాగితం ముక్కలు అంటించి ఎత్తు సరిచేయడానికే ట్రెడిల్ అనే చిన్న అచ్చు మిషన్ దగ్గర సగం పూట పోయేది.

బ్లాకు ధర చదరపు అంగుళాల లెక్క. క్రౌన్ అట్ట నిండా ఒక రంగు బ్లాకంటే 37న్నర చదరపు అంగుళాలు. రెండు రంగులకి 75, నాలుగు రంగులకి 150. వెయ్యి కాపీల కవితా సంపుటి వేసుకునేవాడికి అది పుస్తకం కాగితం ఖర్చుతో పోటీ పడే మొత్తం. కాబట్టి 2 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు బొమ్మ ఒకటి వేయించేవారు. ఆరు చదరపు అంగుళాలతో పని అయిపోయింది. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీకి బాదం రంగు అట్టో, లేత ఆకుపచ్చ అట్టో తీసుకుంటే డబ్బు పెట్టకుండానే ఒక రంగు వచ్చినట్టు. పాత పుస్తకాల కొట్లో చేతికి తగిలినప్పుడు ఆ చిన్న బొమ్మ, చుట్టూ అంత జాగా ఎంత హుందాగా ఉంటాయో! పొదుపు నేర్పిన అందం అది.

రెండు రంగుల పని ఇంకా తమాషాగా ఉండేది. నలుపు గీతల బొమ్మని కార్డు మీద గీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పైఅంచున టేపుతో అంటించి, రెండో రంగు ఎక్కడెక్కడ పడాలో ఆ పొర మీద నల్ల ఇంకుతోనే నింపేవారు. అచ్చులో అది ఎరుపో నీలమో అవుతుంది. రెండు పొరల మీదా నాలుగు పక్కల కూడిక గుర్తులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా గీయాలి. పసుపు, నీలం అనే రెండు బ్లాకులే వేయించి, రెండూ పడిన చోట ఆకుపచ్చని ఉచితంగా రాబట్టుకోవడం తెలిసినవాడు గట్టి ఆర్టిస్టు. అయితే పసుపు ముందు, నీలం తర్వాత పడాలి. పైగా పసుపు ఆరకుండా నీలం వేస్తే పచ్చదనం మచ్చలు మచ్చలుగా వస్తుంది.

రిజిస్టర్ తప్పడం, అంటే ఒక రంగు ఇంకో రంగు మీద సరిగ్గా కూర్చోకపోవడం, మాత్రం ఎవరూ పూర్తిగా ఆపలేకపోయారు. ట్రెడిల్ మీద కాగితం చేత్తో పెట్టేవాడు ఉదయం పెట్టినంత కచ్చితంగా సాయంత్రం పెట్టలేడు. వానాకాలంలో మొదటి రంగుకీ రెండో రంగుకీ మధ్య అట్టే కాస్త సాగుతుంది. అందుకే రెండో రంగుని నల్లగీత లోపలికి అర మిల్లీమీటరు చొరబడేలా నింపేవారు, నల్లగీతని కావాలని లావుగా గీసేవారు. రంగు కాస్త అటూ ఇటూ జరిగినా ఆ లావు గీత కింద దాక్కుంటుంది. పాత అట్టల మీద మనకి నచ్చే ఆ బండ నల్లగీత వెనక శైలి ఎంత ఉందో ఈ భయం అంత ఉంది.

ఇంకో చిట్కా ఉండేది. సిలిండర్ మిషన్ ఇంకు తొట్టిలో మధ్యన అడ్డు పెట్టి ఒక పక్క పసుపు, ఒక పక్క ఎరుపు పోస్తే రోలర్లు అటూ ఇటూ కదిలి మధ్యలో నారింజ పుట్టిస్తాయి. ఒక్క బ్లాకుతో సంధ్యాకాశం వచ్చేస్తుంది. కొన్ని వందల కాపీలు అయ్యేసరికి ఆ నారింజ అంతటా పాకిపోతుంది. మిషన్ ఆపి, రోలర్లు కిరసనాయిలుతో కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ఒకే ముద్రణలో ఏ రెండు అట్టలూ ఒకేలా ఉండేవి కావు.

ఇక అక్షరాలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు అట్టకి పేరే సగం బొమ్మ. ఇంగ్లీషు అక్షరాలకి రుద్దితే అంటుకునే లెట్రాసెట్ షీట్లు దొరికేవి. మన పేర్లు మాత్రం చేత్తో రాయాల్సిందే. ప్రెస్సులో ఉన్న పెద్ద సైజు టైపు ఒకటో రెండో రకాలు, వాటిలోనూ కావలసిన వత్తు లేకపోవడం మామూలే. బాపు అట్టలని దూరం నుంచే ఆనవాలు పట్టించేది బొమ్మ కంటే ముందు ఆ అక్షరాలే. ఆ రాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగానూ వచ్చింది. కానీ ఫాంటులో ప్రతి 'క' ఒకేలా ఉంటుంది. చేత్తో రాసినప్పుడు పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి 'క' కొంచెం ఒదిగి కూర్చునేది.

తెలుగు పేరు రెండు వరుసల్లో అమర్చడం ఎంత మెలికో ఒక్క ఉదాహరణ చాలు. 'నిద్రపట్టని రేవు' అని పేరు అనుకుందాం. పై వరుస 'నిద్రపట్టని', కింది వరుస 'రేవు', రెండూ ఒకే సైజు. పై వరుసలో 'ద్ర' కింద క్రావడి, 'ట్ట' కింద ట వత్తు వేలాడుతున్నాయి. కింది వరుసలో 'రే' నెత్తిన ఏత్వం నిలబడి ఉంది. 'రేవు'ని సరిగ్గా మధ్యలో పెడితే ఏత్వం పోయి క్రావడిని పొడుస్తుంది. కుడివైపు అంచుకి జరిపితే ట వత్తుతో గొడవ. ఎడమ అంచుకి జరిపితే 'ని' కింద ఖాళీగా ఉంది కాబట్టి 'రే' అక్కడ హాయిగా లేస్తుంది, 'వు' తలకట్టు పొట్టిది కాబట్టి క్రావడి కింద ఒదుగుతుంది. వరుసలు రెండూ దగ్గరకి వచ్చి ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఇది ఏ కొలబద్దా చెప్పదు, పెన్సిలుతో రెండు కాగితం ముక్కల మీద రాసి జరిపి చూసుకోవాల్సిందే. కంప్యూటర్‌లో అన్నిటినీ మధ్యకి లాగే బటన్ నొక్కేసే అలవాటు ఉన్నవాళ్లు ఒక్కసారి ఇలా జరిపి చూడాలి. జరపడానికి వీల్లేకపోతే వరుసల మధ్య దూరం అక్షరం సైజులో సగం అదనంగా పెట్టుకుని మొదలుపెట్టి, వత్తులు తగలనంతవరకూ తగ్గించుకుంటూ రావాలి.

లావు అక్షరాల్లో ఇంకో గోతి ఉంది. 'ద'కీ 'ధ'కీ, 'ప'కీ 'ఫ'కీ, 'డ'కీ 'ఢ'కీ తేడా కింద ఉన్న చిన్న నిలువు గీతే. అక్షరాన్ని లావు చేసినప్పుడు ఆ గీత లావెక్కి పైఅక్షరానికి అతుక్కుపోతుంది. రంగు నేల మీద తెల్లగా వదిలేసిన పేరైతే ఇంకు చుట్టూ నుంచి పాకి ఆ గీతనే మింగేస్తుంది. 'ధనం' కాస్తా 'దనం' అవుతుంది. చేత్తో రాసేవాళ్లు ఆ గీతకి చుట్టూ వెలుగు వదిలి, మిగతా అక్షరం కంటే కొంచెం కిందకి దించేవారు. ఫాంటుతో చేసేవాళ్లు అక్షరాలకి చుట్టూ అదనంగా గీత పెట్టి లావు చేయకుండా, పుట్టుకతోనే లావుగా ఉన్న ఫాంటు ఎంచుకుంటే ఈ పోరు సగం తగ్గుతుంది.

పేరు ఎక్కడ పెట్టాలనేది పుస్తకాల కొట్టే తేల్చేది. బస్టాండు స్టాల్లో పుస్తకాలు మెట్లుమెట్లుగా ఒకదాని ముందు ఒకటి ఉంటాయి. వెనక పుస్తకానికి పైభాగమే బయటికి కనిపిస్తుంది. అందుకని పేరు పైనుంచి మూడో వంతు లోపల ఉండాలనేవారు. కళాత్మకంగా అడుగున చిన్నక్షరాలతో పేరు పెట్టిన పుస్తకాలు వెనక వరుసలోనే ఉండిపోయేవి.

రంగుల బొమ్మ అంటే మాత్రం వడ్డాది పాపయ్య. 'చందమామ', 'యువ' అట్టల మీద వ.పా. అన్న సంతకం చూసి పుస్తకం దాచుకున్న ఇళ్లు ఎన్నో. చిత్రకారులు చంద్ర, మోహన్ వచ్చాక అట్ట ఇంకో దారి పట్టింది. అందమైన మనిషి అక్కర్లేదు, కోపమో దిగులో ఉన్న గీత ఉంటే చాలన్న ధైర్యం కవితలకీ కథలకీ వాళ్ల అట్టలతో బాగా వచ్చింది. ఆ కాలం నవలల మీద కన్నీళ్లతో పక్కకి చూస్తున్న అమ్మాయి ముఖాలు మాత్రం ఎన్నని గుర్తుపెట్టుకుంటాం? పేర్లు మార్చినా తెలియదు.

వేసిన అట్టల్లో మిగిలినవి ఎన్ననేది ఇంకో విచారం. అద్దె లైబ్రరీల్లో పుస్తకం రాగానే దబ్బనంతో పొడిచి ట్వైన్ దారంతో కుట్టి, వీపుకి కాలికో గుడ్డ అంటించి, పైన ఖాకీ కాగితం అట్ట వేసేవారు. లేదా అట్ట చింపేసి దళసరి బోర్డు కట్టించేవారు. దయగల బైండరయితే ముఖచిత్రాన్ని కత్తిరించి ఆ బోర్డు మీద అంటించేవాడు. ఆ దయే ఇవాళ మనకి కొన్ని అట్టల్ని మిగిల్చింది.

నాలుగు రంగుల ఆఫ్‌సెట్ వచ్చాక బొమ్మని ఫిల్ములుగా విడదీయడం ఆర్టిస్టు చేతిలోంచి కెమెరాకి, తర్వాత స్కానరుకి వెళ్లింది. ఒక్కో రంగు చుక్కల వరుస ఒక్కో కోణంలో ఉండాలి. నలుపు 45 డిగ్రీలు, మెజెంటా 75, సియాన్ 15, పసుపు 90. కోణం తప్పితే ముఖం మీద గళ్ల చీరలాంటి నేత తేలుతుంది. అచ్చయిన బొమ్మనే మళ్లీ ఫొటో తీసి అచ్చు వేసినా అదే జరుగుతుంది, ఎందుకంటే పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడతాయి. పాత పత్రికలోంచి బొమ్మ స్కాన్ చేసి అట్ట చేసుకునేవాళ్లకి ఇప్పటికీ ఎదురయ్యే ఇబ్బంది ఇదే. స్కానర్‌లో డీస్క్రీన్ అనే అమరిక ఆన్ చేయాలి, దానివల్ల కొంత పదును పోతుంది, ఒప్పుకోవాలి.

అలా స్కాన్ చేసేముందు హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు బొమ్మ మీద హక్కు ఉంటుంది. వ.పా. 1992లో పోయారు, బాపు 2014లో. అంటే ఒకరి బొమ్మలకి 2052 చివరి వరకు, ఇంకొకరివాటికి 2074 చివరి వరకు అనుమతి కావాలి. నెట్‌లో దొరికింది కదా అని పెట్టేస్తున్న అట్టలు చూస్తుంటే ఈ లెక్క ఎవరికీ తెలియదేమో అనిపిస్తుంది.

చిన్న కవితా పుస్తకాలకి స్క్రీన్ ప్రింటింగ్ చేసిన మేలు ఇంతా అంతా కాదు. చెక్క చట్రానికి బోల్టింగ్ క్లాత్ అనే సన్న జాలీ గుడ్డని డోలులా బిగించి, చీకటి గదిలో బైక్రోమేట్ కలిపిన ద్రావణం పూసి ఆరబెడతారు. బొమ్మని ట్రేసింగ్ మీద చిక్కటి నల్ల ఇంకుతో గీసి, తెరకి ఆనించి, పైన గాజుపలక పెట్టి ఎండ చూపిస్తారు. వెలుగు పడిన చోటు గట్టిపడుతుంది, నలుపు కింద ఉన్న చోటు నీళ్లకి కరిగి కారిపోతుంది. ఎండ ఎక్కువయితే ఎంత కడిగినా బొమ్మ తెరుచుకోదు, తక్కువయితే మొత్తం పొర ఊడి కాలవలోకి పోతుంది. మేఘం అడ్డొచ్చిన రోజున పని ఆపేసుకోవడమే మేలు. ట్రేసింగ్ మసకగా ఉందనుకుంటే వెనక కాస్త కొబ్బరినూనె రాసేవారు. కాగితం అద్దంలా తేలి పని తొందరగా అయ్యేది.

అట్ట పెట్టే బల్ల మీద మూడు కార్డు ముక్కలు అంటించి ఉంటాయి. పొడుగువైపు రెండు, పొట్టివైపు ఒకటి. ప్రతి అట్టనీ ఆ మూడింటికీ తగిలేలా నెట్టి పెట్టాలి. రెండో రంగుకీ అదే మూల, అదే వైపు. మూల మార్చి పెడితే అట్టలు కోసినప్పటి తేడా అంతా రిజిస్టర్‌లో కనిపిస్తుంది. 500 అట్టలు రెండు రంగుల్లో కావాలంటే 550 మొదలుపెట్టాలి. లాగినప్పుడు స్క్వీజీ, అంటే ఇంకుని నెట్టే రబ్బరు పట్టీ, సగం దారిలో ఆగితే అక్కడొక అడ్డగీత. నిమిషం కబుర్లలో పడితే ఇంకు తెరలోనే ఎండి సన్న అక్షరాలు మూసుకుపోతాయి. అందుకే స్క్రీన్ అట్టకి రాసేవాళ్లు సన్నగీతలు మానేసి నిండు రంగుల ఆకారాలు వేసేవారు. ఆఫ్‌సెట్ ఎన్నటికీ వేయలేనంత మందంగా, వేలితో తడిమితే తగిలేటట్టు రంగు పడేది. తడి అట్టల్ని బట్టల్లా తాడు మీద క్లిప్పులతో వేలాడదీసిన గదీ, ఆ రంగు వాసనా...

కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చిన కొత్తలో ఏం జరిగిందో ఆ అట్టలే చెబుతాయి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా. పేరుకి ఒక చివర పసుపు నుంచి ఇంకో చివర ఎరుపుకి మారే రంగు, వెనక నీడ, చుట్టూ తెల్ల అంచు, ఆ అంచుకి మళ్లీ నీడ. వెనక సూర్యాస్తమయం ఫొటో, దాని మీద గులాబీ, పావురం, దీపం, మూలన రచయిత ముఖం. అంతకు ముందు బ్లాకు ఖర్చు 'ఏది తీసేద్దాం?' అని అడిగించేది. కంప్యూటర్ ఆ ప్రశ్నే మాయం చేసింది. అప్పటినుంచి అట్టకి అసలు జబ్బు ఇదేనని నా పట్టుదల. ఇవాళ ఫోన్లో అట్ట చేసుకునేవాళ్లు కూడా, నా దగ్గర రెండే రంగులున్నాయి, ఆరు చదరపు అంగుళాలే ఉన్నాయి అనుకుని మొదలుపెడితే సగం పని దారిలో పడుతుంది.

కొలతలు ముందు తేల్చుకోవాలి. డెమీ 1/8 అంటే కోశాక ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. మిల్లీమీటర్లలో 140, 216. 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం మీద 200 పేజీల పుస్తకం అనుకుంటే 100 ఆకులు, ఆకుకి సుమారు 0.09 మిల్లీమీటరు చొప్పున 9. రెండు అట్టల మందం, జిగురు కలిపి వీపు 10 మిల్లీమీటర్లు. వెనకట్ట 140, వీపు 10, ముందట్ట 140 కలిపితే 290. కోతకి నాలుగు వైపులా 3 చొప్పున వదిలితే ఫైలు సైజు వెడల్పు 296, ఎత్తు 222. అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 3,500 పిక్సెళ్ల వెడల్పు, 2,620 ఎత్తు. కాగితం మందం మిల్లు మిల్లుకీ మారుతుంది కాబట్టి ఈ లెక్కని నమ్మి వీపు ఖాయం చేయకూడదు. అదే కాగితంతో ఖాళీ డమ్మీ ఒకటి కట్టించి స్కేలు పెట్టి కొలవడమే అసలు పద్ధతి.

వీపుకి ముందట్ట కంటే వేరే రంగు పెట్టి, మడత దగ్గర సరిగ్గా గీత గీసినట్టు ఆపడం చూడ్డానికి స్క్రీన్ మీద బావుంటుంది. జిగురు మిషన్ దగ్గర అట్ట ఒక మిల్లీమీటరు జరిగితే చాలు, ముందట్ట అంచున వేరే రంగు చార పడుతుంది. ముందట్ట రంగునే వీపు మీదుగా వెనక్కి పారనిస్తే ఎంత జరిగినా ఎవరికీ తెలియదు. 5 మిల్లీమీటర్ల లోపు వీపు మీద అక్షరాలు పెట్టకపోవడమే మంచిది. పెట్టేటప్పుడు పైనుంచి కిందకి చదివేలా ఉండాలి, అప్పుడు పుస్తకం బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెడితే వీపు మీది పేరు నిటారుగా కనిపిస్తుంది. మన పాత పుస్తకాల్లో కొన్ని అటు, కొన్ని ఇటు. అల్మరా ముందు నిలబడితే మెడకి వ్యాయామం. లావు పుస్తకాలకి అక్షరం కింద అక్షరం పేర్చినవీ ఉన్నాయి. అలా పేర్చాలంటే 'జ్ఞా, ప, కా, లు' అని నాలుగు ముక్కలుగానే విడగొట్టాలి. వత్తుల్ని విడదీసి కింద పెట్టిన మహానుభావులూ లేకపోలేదు.

ఫాంట్ల కరువు ఇప్పుడు లేదు. మండలి, రామభద్ర, సురవరం, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ, ఇవన్నీ ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు. అట్టకి రామభద్ర లాంటి బరువైనవి పనికొస్తాయి, లోపలి పేజీల కోసం చేసినవాటిని పెద్దవి చేసి పెడితే పీలగా ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు నాలుగు మాటలు టైపు చేసి చూడాలి: స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మి, జ్ఞానం. పొల్లులు విడివిడిగా తేలి వత్తులు పక్కన కూర్చుంటే ఆ అమరిక తెలుగుకి సిద్ధంగా లేదన్నమాట. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైపు అమరికల్లోకి వెళ్లి దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టాలి, ఇన్‌డిజైన్‌లో వరల్డ్‌రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. కంప్యూటరే బొమ్మ పుట్టించే కొత్త సరుకుతో చేసిన అట్టల్లో తెలుగులా కనిపించే, తెలుగు కాని అక్షరాలు వస్తుంటాయి. బొమ్మ అక్కడినుంచి తెచ్చుకున్నా పేరు మాత్రం మనమే పెట్టుకోవాలి. ప్రెస్సుకి పంపేముందు అక్షరాలని కర్వ్స్‌గా, అంటే ఒట్టి బొమ్మ గీతలుగా, మార్చాలి, లేకపోతే వాళ్ల మిషన్లో ఆ ఫాంటు లేక పిచ్చిగీతలు అచ్చవుతాయి. మార్చాక తప్పు దిద్దడం కుదరదు కాబట్టి ముందు ఇంకొకరి చేత చదివించి, మార్చని కాపీ ఒకటి దాచుకోవాలి. ముందుమాటలో తప్పు క్షమిస్తారు గానీ అట్ట మీద రచయిత ఇంటిపేరు తప్పయితే ఆ పుస్తకం పంచబుద్ధి కాదు.

రంగుల మోసం ఎక్కువగా నీలంలో జరుగుతుంది. ఫోన్లో మెరిసే నీలం సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు ఇంకుల లెక్కలోకి, మారగానే వంకాయ రంగు అవుతుంది. సియాన్ 100 పెడితే మెజెంటా 70 దాటనివ్వకపోతే నీలం నీలంగానే ఉంటుంది. చిలకపచ్చ, మెరుపు నారింజ అచ్చులో ఎప్పుడూ చప్పబడతాయి. నల్ల అట్ట కావాలంటే ఒక్క నలుపు ఇంకు బూడిదలా ఉంటుంది కాబట్టి సియాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలిపి పెట్టాలి. ఆ మిశ్రమాన్ని చిన్న అక్షరాలకి మాత్రం వాడకూడదు. రిజిస్టర్ కాస్త తప్పినా అక్షరం చుట్టూ రంగుల నీడ తేలుతుంది, అక్కడ ఒట్టి నలుపే. వెనకట్ట మీద ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్ తెల్ల నేల మీద నల్ల గీతలతోనే ఉండాలి. అందం కోసం ఎర్రగీతలు పెడితే కొట్టువాడి ఎర్రవెలుగు స్కానరుకి అవి తెలుపులో కలిసిపోతాయి.

ఫైలుని వాట్సాప్‌లో ఫొటోగా పంపడం ఇవాళ్టి పెద్ద ప్రమాదం. హెచ్‌డీ ఎంచుకోకపోతే అది పొడుగు వైపుని సుమారు 1,600 పిక్సెళ్లకి కుదించేస్తుంది. ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తున్న ముందట్టకి అది అంగుళానికి 188 చుక్కలే. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఈ-బుక్ అట్టకి వీపూ లేదు, కోతా లేదు. 1,600 వెడల్పు, 2,560 ఎత్తు పిక్సెళ్లు బాగా నప్పే సైజు. కానీ ఫోన్ తెర మీద పాఠకుడు చూసేది బొటనవేలి గోరంత బొమ్మ. దాన్ని 120 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, ఫోన్‌ని నలుపు తెలుపులో పెట్టి చూడాలి. పేరు చదవగలిగితే సరే. ఎర్ర నేల మీద ఆకుపచ్చ పేరు లాంటివి అక్కడ బూడిదలో బూడిదై దొరికిపోతాయి. గోడకి ఆనించి కళ్లు సగం మూసి చూసే పాత పరీక్షే ఇది.

అట్ట మీద ప్లాస్టిక్ పొర ఎక్కించే లామినేషన్ గురించి ఒక్క మాట. మెరిసే గ్లాస్ రకం వేస్తే రంగులు లేస్తాయి, మ్యాట్ వేస్తే కొంచెం అణుగుతాయి, నల్ల మ్యాట్ మీద గోరు తగిలినా గీత పడుతుంది. ఇంకు బాగా ఆరకుండా ఫిల్ము ఎక్కిస్తే చిక్కటి రంగుల కింద వెండిపొడి చల్లినట్టు బుడగలు తేలుతాయి, కనీసం ఒక రోజు ఆగాలి. వానాకాలంలో కొత్త పుస్తకం అట్ట పైకి లేచి ముడుచుకోవడం అందరూ చూసే ఉంటారు. లోపలివైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది, పైన ప్లాస్టిక్ సాగదు. 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డయితే వీపు మడతల దగ్గర క్రీజింగ్, అంటే మడతకి గాడి నొక్కడం, చేయించాలి. కాగితం నార వీపు పొడవునా ఉండేలా అట్ట కోయించకపోతే మడత మీద రంగు పగిలి తెల్లచారలు పడతాయి.

చివరి గండం కటింగ్ మిషన్ దగ్గర. పుస్తకాలు దొంతరగా పెట్టి కత్తి దింపినప్పుడు పైపుస్తకం కోత కచ్చితంగా ఉన్నా అడుగు పుస్తకం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది. అంచు వెంబడి చుట్టూ సన్నని బార్డర్ గీసిన అట్టలన్నీ అక్కడ బయటపడతాయి, ఒక పక్క బార్డర్ లావు, ఒక పక్క సన్నం. పేరు గానీ సంతకం గానీ కోత గీతకి కనీసం 6 మిల్లీమీటర్లు లోపల ఉంటే బతుకుతాయి. ఆ రోజుల్లో కత్తి కింద రాలిన అట్టల అంచుల్ని, రంగుల కాగితం పీలికల్ని, పిల్లలు వచ్చి గాలిపటాల తోకలకి ఏరుకుపోయేవారు. కూడిక గుర్తులు, అంచుల్లో పడిన రంగు చుక్కలు, అన్నీ ఆ తోకల మీదే ఉండేవి.